కాగితపు ట్యాంకు

ట్యాంకు అంటే మనవారికి ముందుగా గుర్తుకు వచ్చేది చెరువు. రెవెన్యూ కాగితాలలో చెరువును ట్యాంకని వ్రాసే అలవాటు ఇంగ్లీషువారి నాటిది. హైదరాబాదులో హుస్సేన్‌సాగరు కట్ట ట్యాంక్‌బండ్ అయినది అట్లాగే. మరి నీటికి సంబంధించిన మాట యుద్ధశకటానికి పేరెట్లయినది? రహస్యం దాచుటకు. 1915 చివరలో ఇంగ్లాండులో ఈ శకటాన్ని తయారు చేస్తున్నప్పుడు, అడిగినవారికి ఇది నీళ్ళ తొట్టి అని చెప్పేవారు. కొన్నింటిపై, పెట్రోగ్రాడుకు జాగ్రత్తగా చేర్చవలెనని రష్యా అక్షరాలతో వ్రాయించినారు కూడా. అబద్ధం ఎప్పుడో బయటపడినది, పేరు మాత్రం మిగిలిపోయినది.

ఆ మొదటి ట్యాంకు పేరు మార్క్ వన్. దానిని కొలత ప్రకారం కాగితంతో చేయవచ్చును. మన సంఘంలోని పిల్లలు వేసవి సెలవులలో చేయదగిన పని. పెద్దలు చేసినా తప్పు లేదు.

లింకన్ పట్టణంలో విలియం ఫోస్టర్ కంపెనీ వ్యవసాయ యంత్రాలు తయారు చేసేది. దాని పెద్ద విలియం ట్రిటన్, వాల్టర్ విల్సన్ అనే ఇంజనీరుతో కలిసి 1915లో మొదటి నమూనాను, 1916 జనవరిలో అసలు నమూనాను సిద్ధం చేసినారు. ఫిబ్రవరిలో పరీక్ష చూడవచ్చిన కిచ్‌నర్ ప్రభువు, చక్కని యంత్రపు బొమ్మ అని తేల్చివేసినాడని చెప్పుకొంటారు. అయినను 150 శకటాలకు ఆర్డరు వచ్చినది. వాటిలో 113 చేసినది రైలు పెట్టెలు తయారు చేసే మెట్రోపాలిటన్ కంపెనీ. రైల్వేలో ఉద్యోగం చేసేవాణ్ణి గనుక ఈ సంగతి చదివినప్పుడు నాకు కొంచెం గర్వమనిపించినది.

ఈ శకటం కాగితానికి బాగా ఒదుగుతుంది. అందుకు కారణమున్నది. ఉక్కు పలకలను మెత్తగా ఉన్నప్పుడే కోసి, బెజ్జాలు వేసి, తరువాత కాచి గట్టిపరచేవారు. గట్టిపడిన పలక వంగదు. కాబట్టి ఫిరంగి ముందుండే డాలు వంటి కొన్ని భాగాలు తప్ప శకటమంతా చదును పలకలే. మూలలలో యాంగిల్ ఇనుము పెట్టి రివెట్లు కొట్టేవారు. మనం కాగితం అంచున మడిచి జిగురు వ్రాసే అతుకు చేసేదీ ఆ పనే.

అడుగుకు అర అంగుళం లెక్క పెట్టుకొంటే సులువు. తోక లేకుండా శకటం పొడవు 26 అడుగుల 5 అంగుళాలు. మన బొమ్మ 13 అంగుళాల పైచిలుకు. ఎత్తు 8 అడుగులు. మనకు 4 అంగుళాలు. వెడల్పు 13 అడుగుల 9 అంగుళాలు. మనకు 7 అంగుళాలకు కొంచెం తక్కువ.

ఈ వెడల్పు దగ్గర గూడ్సు ఆఫీసులో పనిచేసిన వాడెవడైనా ఆగిపోతాడు. మేము దీనిని ఓ.డి.సి. అంటాము, అనగా బండి హద్దులు మీరిన సరకు. ఇంగ్లాండులో హద్దు ఇంకా ఇరుకు, సుమారు 9 అడుగులే. అందుచేత రెండు ప్రక్కల ఫిరంగులుండే అరలను ఊడదీసి, వేరుగా ఎక్కించి పంపి, గమ్యంలో మళ్ళీ బిగించేవారు. బొమ్మలో కూడా ఆ అరలను విడిగా చేసి చివరకు అతికించవలెను. ఫిరంగి గొట్టాలకు కొబ్బరి ఈనెపై కాగితం చుట్టితే చాలు. రివెట్లకు మొద్దు సూదితో వెనుక వైపు నుండి నొక్కవలెను. ఓర్పు పరీక్ష మాత్రం గొలుసు పట్టాల దగ్గర: ఒక్కొక్క ప్రక్క 90 పలకలు. వెనుకనున్న రెండు తోకచక్రాలు మలుపులకని పెట్టినవి, అంతగా పనికిరాలేదు. ఆ సంవత్సరమే తీసివేసినారు. ఇష్టమైతే చేయండి.

ఇక కాగితం మందం సంగతి. శకటం కవచం 6 మొదలు 12 మిల్లీమీటర్లు. ఇరవై నాలుగోవంతు చేస్తే పైకప్పు పాతిక వంతు మిల్లీమీటరు. పోస్టుకార్డు దళసరి సుమారు అంతే! ముందు భాగానికి రెండు కార్డులు అంటిస్తే సరిపోతుంది. బొమ్మకు కార్డు పలచనైనదని అనుకోనక్కరలేదు, అసలు శకటమే అంత పలచన. మామూలు తుపాకి గుండ్లను ఆపేది గాని, జర్మనుల ఉక్కుమొన గుండు దూసుకొని వచ్చేది. ఆపిన గుండ్లు కూడా సందులగుండా సీసపు తునకలను లోపలికి చిమ్మేవి. అందుకని సైనికులు ఇనుప గొలుసుల వ్రేలాడే తోలు ముసుగులు ధరించేవారు.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ రంగాన ఇవి మొదటిసారి దిగినవి. సిద్ధం చేసిన 49లో బయలుదేరవలసిన చోటికి చేరినవి 32 అని లెక్క. ఒకటి ఫ్లేర్ గ్రామం వీధిలోకి నడిచిపోయినది. కొన్నింటిని హైవుడ్ అనే అడవిలోకి పంపగా మోడులలో, గుంతలలో చిక్కుకొన్నవి. ఆ హైవుడ్ దగ్గరే రెండు నెలల ముందు, జూలై 14న, దక్కన్ హార్సు దళం ఈటెలతో గుర్రాలమీద దాడి చేసినది. హైదరాబాదు కంటింజెంటు నుండి పుట్టిన దళమది. సవార్లు తెలుగువారని నేననను, పేరు మాత్రం మన దేశపుది. అదే దళం 1965లో అసల్ ఉత్తర్ వద్ద షెర్మన్ ట్యాంకులలో కూర్చుండి పోరాడినది.

బొమ్మలో మనుష్యులను కూడా పెట్టవలెను. మార్క్ వన్‌లో ఎనిమిది మంది: ముందు నాయకుడు, తోలేవాడు, ప్రక్కల నలుగురు ఫిరంగివారు, వెనుక గేర్లు మార్చేవారు ఇద్దరు. మధ్యలో 105 గుర్రాల బలం గల డైమ్లర్ ఇంజను, అడ్డుగోడ లేదు. వేడి 50 డిగ్రీలు దాటేది, పొగకు మనుష్యులు సొమ్మసిల్లేవారు. ఆ రొదలో మాట వినబడదు గనుక తోలేవాడు ఇంజను మూతమీద కొట్టి గేర్లవారికి సైగ చేసేవాడు. అయిదున్నర అడుగుల మనిషి మన కొలతలో రెండుముప్పావు అంగుళాలు. ఎనిమిది మందిని అట్టలో కత్తిరించి, ఇంజను చుట్టూ అమర్చి చూడండి. వంగకుండా ఎవ్వరూ పట్టరు. పైకప్పు మాత్రం జిగురుతో అంటించవద్దు. ఇంటికి వచ్చినవారికి తీసి చూపుటకు వీలుగా వదలిపెట్టండి.