వేంగి రాజ్యం: పుట్టినిల్లు, మెట్టినిల్లు

సోదరీమణులారా, ఏలూరులో కాపురముంటున్న మీలో ఎంతమంది పెదవేగి చూశారు? ఊరికి ఉత్తరాన పది పన్నెండు కిలోమీటర్లే. అక్కడి దిబ్బల్ని పురావస్తు శాఖవారు 1980ల్లో తవ్వితే పాత ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. అదే ఒకనాటి వేంగి. సముద్రగుప్తుడు తన అలహాబాదు శాసనంలో పేరెత్తి చెప్పిన హస్తివర్మ ఈ ఊరి రాజే, శాలంకాయన వంశంవాడు. శాలంకాయనుల తర్వాత విష్ణుకుండినులు, వాళ్ళ తర్వాత చాళుక్యులు.

చాళుక్యులు ఊరికే రాలేదు. రెండవ పులకేశి మన కొల్లేటి దగ్గరే యుద్ధం చేశాడు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనం కొల్లేరును కునాల సరస్సు అంటుంది, దాని నీళ్ళు నెత్తురుతో ఎర్రబడ్డాయంటుంది. కవి కాస్త ఎక్కువే చెప్పి వుంటాడనుకోండి, రాజుగారి కొలువులో వుండి రాసినవాడు మరి! గెలిచిన దేశాన్ని పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడికి అప్పగించాడు. 624 ప్రాంతంలో ఆయనతో తూర్పు చాళుక్య వంశం మొదలైంది.

ఆయన భార్య అయ్యణ మహాదేవి. బెజవాడలోని ఒక జైన బసదికి ఆవిడ ముసినికొండ అనే గ్రామాన్ని దానమిచ్చింది. మూడు వందల ఏళ్ళ తర్వాత, రెండవ అమ్మరాజు కాలంలో, చామెకాంబ అనే గణిక వుండేది. ఆవిడ కోరికమీద రాజు అత్తిలి నాటిలోని కలుచుంబర్రు గ్రామాన్ని జైన గురువుకు ధారపోశాడు. ఎందుకో తెలుసా? సర్వలోకాశ్రయ జినభవనంలోని భోజనశాల బాగుచేయించడానికి. తాడేపల్లిగూడెం వాళ్ళకు అత్తిలి ఎంత దూరమని! నలుగురికీ అన్నం పెట్టే చోటు పాడైందని పట్టించుకున్న ఆడది రాగిరేకులకెక్కింది. నాకు యుద్ధాలకన్న యిదే బాగుంది.

ఇక పతనం. అది ఇంట్లోనే మొదలైంది. అమ్మరాజును సవతి సోదరుడు దానార్ణవుడు దించాడు. 973లో జటాచోడభీముడు దానార్ణవుణ్ణి చంపి 27 ఏళ్ళు వేంగిని ఏలాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు తంజావూరు పారిపోయి రాజరాజచోళుడి శరణు చొచ్చారు. చోళ సైన్యం వచ్చి శక్తివర్మను గద్దె ఎక్కించింది.

సాయం ఊరికే వస్తుందా? సైన్యం వెనకాలే చుట్టరికం కూడా వచ్చింది. చోళరాజు తన కూతురు కుందవను విమలాదిత్యుడికిచ్చాడు. వాళ్ళ కొడుకే రాజరాజనరేంద్రుడు, నన్నయ్యగారి చేత భారతం మొదలుపెట్టించినవాడు. ఆయనకు మేనమామ రాజేంద్రచోళుడు తన కూతురు అమ్మంగదేవినిచ్చాడు. మనిళ్ళల్లో మేనరికం లాంటిదే. కాకపోతే యిక్కడ కట్నం రాజ్యం! ఆ పిల్లల్ని ఇష్టమేనా అని ఎవరైనా అడిగారో లేదో, శాసనాలు ఆ ఊసెత్తవు.

అమ్మంగదేవి కొడుక్కీ చోళుల పిల్లనే, మధురాంతకిని చేశారు. 1070లో చోళ సింహాసనం ఖాళీ అయితే అతను మేనమామల గద్దెనే ఎక్కాడు. అతనే కులోత్తుంగ చోళుడు. వేంగిని కొన్నాళ్ళు పినతండ్రి ఏలాడు. ఆయన పోయాక కులోత్తుంగుడు తన కొడుకుల్ని ఒకరి తర్వాత ఒకరుగా ప్రతినిధులుగా పంపాడు. అమ్మంగదేవి మెట్టినింటి రాజ్యం కాస్తా పుట్టినింటి రాజ్యంలో ఒక నాడై కూర్చుంది.