అల్యూమినియపు పడవ: కంటికి కనబడని కవచము

మన వంటయిండ్లలో అందరును ఎరిగిన విషయమొకటి కలదు. ఇత్తడి చెంబును బూడిదతో తోమిన తళతళ మెరయును. అల్యూమినియపు గిన్నెను అదే బూడిదతో తోమిన నల్లబడును. పోనీ, చింతపండు పులుసు అందులో రాత్రియంతయు నిలువ ఉంచుదమన్న, లోపలివైపున సన్నని గుంటలు పడును. ఈ లోహము క్షారమునకును ఓర్వదు, ఆమ్లమునకును ఓర్వదు. ఉప్పు కూడ తోడైన మరింత చెడును. గృహిణికి అనుభవముచే తెలిసిన ఈ స్వభావమును చక్కగా గుర్తించి, దానికి తగిన పడవను కట్టుటకు పాశ్చాత్య నౌకాశిల్పులకు సుమారు 40 ఏండ్లు పట్టినది. ఈ నడుమ సుప్రసిద్ధమైన నౌక ఒకటి బలియైనది. ఆ కథయే నేటి ప్రసంగమునకు విషయము.

1825లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ ఈ లోహమును మొదట వేరుచేసెను. అటుపిమ్మట అరువది ఏండ్లపాటు అది అపురూపమైన వస్తువుగనే ఉండెను. 1855 పారిస్ ప్రదర్శనలో దానిని వింతవస్తువుగా చూపిరి. 1884లో అమెరికాలోని వాషింగ్టన్ స్మారక స్తంభమునకు శిఖరముగా నిలిపినది చిన్న అల్యూమినియపు దిమ్మనే. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ అను ఇరువురు యువకులు, ఒకరి సంగతి ఒకరు ఎరుగకయే, విద్యుత్తుచే దీనిని చౌకగా తీయు పద్ధతిని కనిపెట్టిరి. ఇనుముతో పోల్చిన మూడవ వంతు బరువే గల లోహము చేతికి అందినది. నౌకాశిల్పుల దృష్టి దానిపై పడుట సహజమే గదా! 1891లో స్విట్జర్లాండులోని ఎషర్ వీస్ కర్మాగారమువారు ఆల్‌ఫ్రెడ్ నోబెల్ కొరకు అల్యూమినియపు విహార నౌకను నిర్మించిరి. అదే దశాబ్దమున, 1898లో, మదరాసు చిత్రకళా పాఠశాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ఈ లోహముతో పాత్రలు చేయించుటకు పూనుకొనెను. సరస్సులపై విహారమునకును, మన వంటయింటికిని ఆ లోహము ఇంచుమించు ఒకే కాలమున ప్రవేశించినదన్నమాట.

1895లో అమెరికా కప్పు పందెమునకు నథానియల్ హెరెషాఫ్ అను ప్రతిభాశాలి 'డిఫెండర్' అను తెరచాప నౌకను రూపొందించెను. నీటిలో మునుగు భాగమునకు కంచు రేకులు, పైభాగమునకు అల్యూమినియపు రేకులు, లోపలి పక్కటెముకలకు ఉక్కు వాడెను. తేలికదనమే అచట లక్ష్యము. ఆ లక్ష్యము నెరవేరినది. లార్డ్ డన్‌రావెన్ తెచ్చిన 'వాల్కిరీ 3' అను ఆంగ్లనౌక ఓడిపోయినది. కప్పు అమెరికాలోనే నిలిచినది. కాని డిఫెండర్‌ను సముద్రము ఓడించినది. అల్యూమినియపు రేకులు వేగముగా తినివేయబడెను. 1899లో ఆ నౌకను మరమ్మతు చేసి, 'కొలంబియా' అను క్రొత్త నౌకకు జతగా అభ్యాసపు పందెములందు నడిపిరి. 1901లో విరిచి, తుక్కు క్రింద తీసివేసిరి. ఆరేండ్లలో దాని ఆయువు తీరినది.

కారణమేమి? రెండు భిన్న లోహములను తాకించి ఉప్పునీటిలో ఉంచిన, అదియే ఒక విద్యుద్ఘటమగును. అందు ఒక లోహము కరగిపోవుచు రెండవదానిని కాపాడును. కంచుతో కూడినప్పుడు కరగునది అల్యూమినియమే. ఇది అప్పటికి క్రొత్త సంగతి కాదు. 1824లోనే హంఫ్రీ డేవీ ఈ ధర్మమును ఓడల రక్షణకు వినియోగించెను. ఓడల అడుగున తాపిన రాగి రేకులకు చిన్న ఇనుప ముక్కలనో, జింకు ముక్కలనో తగిలించెను. ఆ ముక్కలు కరగినవి, రాగి నిలిచినది. ఐతే రాగి కరగుట మానగానే దాని విషము నీటిలో కలియుట మానినది; ఓడ అడుగున నత్తలును నాచును విరివిగా పట్టి వేగము తగ్గినది. ఒక మేలు చేయబోవ మరియొక కీడు మూడినది. ఐనను ఆ సూత్రము మాత్రము సత్యము. నేటి పడవలకు తగిలించు జింకు దిమ్మలన్నియు డేవీ ప్రయోగమునకు వారసులే.

అల్యూమినియమునకు స్వతస్సిద్ధమైన కవచము కూడ ఒకటి కలదు. గాలి సోకిన క్షణముననే దానిపై ఆక్సైడు పొర ఏర్పడును. దాని మందము మిల్లిమీటరులో పది లక్షలవ వంతులు కొన్ని మాత్రమే. గీసిన, వెంటనే మరల పూడుకొనును. కాని ఉప్పు ఆ పొరను అక్కడక్కడ ఛేదించును. లోహములో రాగిని కలిపిన బలము హెచ్చును గాని సముద్రమున ఓర్పు తగ్గును. 1906లో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ కనుగొన్న సూత్రముపై పుట్టిన డ్యురాల్యూమిన్ అట్టిదే. దానితో చేసిన నీటి విమానముల భాగములను రక్షించుటకై 1923లో బెంగో, స్టూవర్టు అనువారు విద్యుత్తుచే ఆ పొరను దట్టముగా పెంచు ఉపాయమును కనుగొనిరి. తరువాత రాగికి మారుగా మెగ్నీషియమును కలిపిన మిశ్రమలోహములు వచ్చినవి. 1931లో ఇంగ్లండులో అల్యూమినియపు మిశ్రమముతో కట్టిన 'డయానా 2' అను విహార నౌక దశాబ్దముల పిదపకూడ చక్కగా నిలిచియుండెను. ఇక రెండవ ప్రపంచయుద్ధము ముగియుచుండగా, అమెరికాలో విమానములు చేయు గ్రుమ్మన్ సంస్థ ఉపాధ్యక్షుడు విలియం హాఫ్‌మన్, విహారయాత్రలో బరువైన కొయ్య దోనెను మోసి విసిగి, విమానపు రేకుతో దోనెను చేయించిన నెట్లుండునని తలచెను. 1945లో ఆ దోనెలు అంగడికి వచ్చెను. శ్రీమంతుల వేడుక సామాన్య కుటుంబములకు అందినది.

ఈ చరిత్రనుండియే పడవను కాపాడుకొను నియమములన్నియు పుట్టినవి. ఉప్పునీటిలో తిరిగి వచ్చిన పిమ్మట మంచినీటితో కడుగవలెను. మృదువైన సబ్బును, మెత్తని గుడ్డను వాడవలెను. ఘాటైన క్షారము గల పొడులు కూడదు. ఉక్కు పీచుతో రుద్దిన, ఇనుప నలుసులు అందులో చిక్కుకొని క్రొత్త చీడకు మూలమగును. రాగి కలిసిన రంగును అడుగున పూయరాదు. కంచు బిగింపులకును రేకునకును నడుమ రబ్బరువంటి అడ్డు ఉంచవలెను. తడిగుడ్డనుగాని, తడికొయ్యనుగాని రేకును అంటి ఉండనీయరాదు. అచట గాలి చొరక కవచము మరల పూడదు. పడవ అడుగున జారిపడిన రాగి నాణెమును సైతము వెదకి తీయవలెను. జింకు దిమ్మకు రంగు వేయరాదు. అది కరగుటయే దాని ధర్మము. సగము కరగినంతనే మార్చవలెను. రేకుపై తెల్లని పొడి కనబడిన, అచట గుంట పడుచున్నదని తెలిసికొనవలెను.

పడవ బూడిదవన్నెకు తిరిగినదని చింతింపనక్కర లేదు. ఆ మసకయే దాని కవచము. అద్దమువలె మెరయించుటకై మాటిమాటికి ఒరసి రుద్దినవాడు కవచమును కూడ మరల మరల ఒలిచివేయుచుండును. డిఫెండర్ గెలుపును నేటికిని చెప్పుకొందురు. నీటిమీద కుటుంబమును ఎక్కించుకొని పోవువానికి మాత్రము గెలుపుకంటె, తన కాలిక్రింది రేకు చిల్లిపడకుండ నిలుచుటయే ముఖ్యము.