కొంగ ముందు పళ్ళెం

దుబాయ్‌లోని అల్ కుసైస్ ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంపు. పైమంచం నాది, కిందిమంచం జగిత్యాల అన్నది. ఆ రాత్రి ఆయన చేతిలో నాలుగు పేజీల ఇంగ్లీష్ పేపరుంది. ఫోర్‌మన్ ప్రమోషన్ పరీక్షకు నమూనా అట.

"తమ్మీ, గీ మాటకు అర్థమేంది?" వేలు పెట్టి చూపించాడు.

'రిలక్టెంట్.' ఇష్టం లేకుండా చేసేవాడని చెప్పాను.

"చిల్లర్ బాగుచేసుడుకు, దీనికి ఏం సంబంధం?"

నేను జవాబు చెప్పలేకపోయాను. పదహారేళ్ళుగా ఆయన ఏసీ మెకానిక్. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను కంప్రెసర్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, బేరింగ్ అరిగిందో లేదో చెప్పేస్తాడు. విప్పి చూస్తే ఆయన అన్నదే నిజమయ్యేది. కంపెనీ ఈ పరీక్ష పెట్టింది ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్ వాళ్ళకు. వేరే పాస్‌పోర్టుతో వచ్చి నేరుగా ఫోర్‌మన్ అయినవాళ్ళను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగులుతుంది.

నిద్ర పట్టక, నేను చదివిన కేసు ఒకటి ఆయనకు చెప్పాను.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, డ్రేపర్ ఊరు. డ్యూక్ పవర్ కంపెనీ వారి డాన్ రివర్ థర్మల్ కేంద్రం. మొత్తం 95 మంది పనివాళ్ళు, అందులో 14 మంది నల్లజాతివాళ్ళు. వాళ్ళకు దక్కింది లేబర్ డిపార్ట్‌మెంట్ ఒక్కటే. అక్కడ అందరికన్నా పెద్ద జీతం కూడా మిగతా నాలుగు డిపార్ట్‌మెంట్లలోని అతి చిన్న జీతానికి సరిపోయేది కాదు.

1965 జూలై 2న ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టం అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజే కంపెనీ కొత్తగా చేరేవాళ్ళకు పరీక్షలు తెచ్చింది. పాతవాళ్ళు పైకి పోవాలన్నా హైస్కూల్ సర్టిఫికెట్ ఉండాలి, లేదంటే రెండు పరీక్షలు పాసవ్వాలి. ఒకదానిలో 12 నిమిషాల్లో 50 ప్రశ్నలు. హైస్కూల్ చదివినవాళ్ళలోనే సగం మంది తప్పేటట్టుగా మార్కులు పెట్టారు. సర్టిఫికెట్ లేకుండా ముందే చేరిన తెల్లవాళ్ళు మాత్రం ఆ డిపార్ట్‌మెంట్లలో పని బాగానే చేసుకుపోతున్నారు, ప్రమోషన్లూ అందుకుంటున్నారు.

అన్న లేచి కూర్చున్నాడు. "మన ఫోర్‌మన్ల లెక్కనే!"

విల్లీ గ్రిగ్స్, మరో 12 మంది ఎదురు తిరిగారు. 1966లో ఫిర్యాదు పడిన ఐదు నెలలకు, మొదటిసారి ఒక నల్లజాతి కార్మికుడికి బొగ్గు డిపార్ట్‌మెంట్‌లో ప్రమోషన్ వచ్చింది. ఆయన 1953 నుంచీ లేబర్‌లోనే ఉన్నాడు. హైస్కూల్ సర్టిఫికెట్ ఉండి కూడా పదమూడేళ్ళు!

కింది కోర్టుల్లో పరీక్షలు నిలబడ్డాయి. 1971 మార్చి 8న సుప్రీంకోర్టులో ఎనిమిది మంది జడ్జీలూ ఒక్కమాట మీద గ్రిగ్స్ పక్షాన నిలిచారు. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ ఆ తీర్పులో నక్క-కొంగ కథను గుర్తుచేశాడు. చిన్నప్పుడు మనమూ చదువుకున్నదే. ఇద్దరికీ పాలు పోశామంటే చాలదు, తాగేవాడి మూతికి గిన్నె సరిపోవాలి. కంపెనీ మనసులో చెడు లేదన్నా కుదరదు. పరీక్షకూ పనికీ సంబంధం ఉందని కంపెనీయే చూపించాలి.

ఆ తీర్పు దుబాయ్‌లో చెల్లదు. కానీ ఇక్కడా చట్టముంది. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న యూఏఈ కార్మిక చట్టం నాలుగో ఆర్టికల్ జాతి, రంగు, పుట్టిన దేశం చూసి వివక్ష చూపడాన్ని నిషేధించింది. ఆ ముక్క ఫోన్‌లో తీసి చదివి వినిపించాను.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "తమ్మీ, ఇంగ్లీష్‌ల ఓ దరఖాస్తు రాసియ్యి. పరీక్ష వద్దంటలేను. మిషన్ ముందర పెట్టుమను. ఫోర్‌మన్ అయితే రిపోర్టులు రాయాలె గదా, ఆ ఫారాలు ఇయ్యమను, నేర్చుకుంట. అందరికీ ఒక్క తీరుగ పెట్టుమను."

రాసిచ్చాను. కింద తెలుగులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. తెల్లారి ఐదింటికి బస్సెక్కేటప్పుడు చూశాను, ఆ కాగితాన్ని ఎమిరేట్స్ ఐడీ ఉండే ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టుకున్నాడు.