తంజోంగ్ పగార్: విడిపోయిన రెండు దేశాల ఉమ్మడి లెక్క

సింగపూర్ అనగానే మనవాళ్లకు ఓడరేవు, విమానాశ్రయం గుర్తొస్తాయి. ఈ దేశం స్వభావం తెలియాలంటే నన్నడిగితే ఇప్పుడు రైళ్లు రాని తంజోంగ్ పగార్ స్టేషన్ చరిత్ర చదవాలంటాను. అది 1932లో రేవు పక్కనే మొదలైంది. ముఖద్వారం మీద నాలుగు తెల్లని పాలరాతి విగ్రహాలున్నాయి: వ్యవసాయం, పరిశ్రమ, వాణిజ్యం, రవాణా. వాటితోపాటు చెక్కిన ఎఫ్, ఎమ్, ఎస్, ఆర్ అక్షరాలు ఫెడరేటెడ్ మలయ్ స్టేట్స్ రైల్వేస్‌వి. అప్పటి సింగపూర్ ఆ సమాఖ్యలో భాగం కాదు. అంటే పుట్టుకతోనే ఆ స్టేషన్ పొరుగు ప్రభుత్వానిది. మలయా రబ్బరు, తగరం ఓడలెక్కాలి కాబట్టి ఆ లైను వచ్చింది. ఆ రబ్బరు తోటల్లో మన ఉత్తరాంధ్ర కూలీల చెమట కూడా ఉంది.

1965 ఆగస్టు 9న సింగపూర్ మలేసియా నుంచి విడిపోయింది. జెండా, పార్లమెంటు ఒక్కరోజులో వేరయ్యాయి. స్టేషనూ పట్టాల కింది భూమీ మాత్రం మలేసియా రైల్వే చేతిలోనే ఉండిపోయాయి. రైల్వే అవసరాలకే వాడాలన్న షరతుతో 1918 నాటి చట్టం ఆ భూమిని అప్పగించింది, చాలా భాగం 999 ఏళ్ల లీజు. 1990లో సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ, మలేసియా ఆర్థిక మంత్రి దైమ్ జైనుద్దీన్ ఆ భూముల గురించి ఒక ఒప్పందం మీద సంతకాలు చేసినా, దాని అర్థం మీదే ఇరవై ఏళ్లు వాదించుకున్నారు. 1998లో సింగపూర్ ఈ స్టేషన్‌లోని తన పాస్‌పోర్టు తనిఖీ కేంద్రాన్ని సరిహద్దు దగ్గరి వుడ్‌లాండ్స్‌కు మార్చింది, మలేసియా కదలనంది. దాంతో ప్రయాణికుడిని మలేసియాలోకి రానిచ్చే తనిఖీ ముందు నగరం నడిబొడ్డున జరిగేది. సింగపూర్ నుంచి పంపించే తనిఖీ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం తర్వాత! చివరికి 2010లో ఇద్దరు ప్రధానులు భూమికి భూమి మార్చుకున్నారు. మలేసియా రైల్వే భూములు వదులుకుంది. బదులుగా సింగపూర్‌లోని మెరీనా సౌత్, ఒఫీర్-రోచర్ స్థలాలు రెండు దేశాల ఉమ్మడి కంపెనీకి దక్కాయి, అందులో మలేసియా వాటా 60 శాతం. 2011 జూన్ 30 రాత్రి ఆఖరి రైలును సరిహద్దుకు అవతలి మలేసియా రాష్ట్రం జొహోర్ సుల్తానే నడిపాడు.

పెద్ద పొరుగుదేశానికి భయపడి సింగపూర్ ఊరుకుందని కొందరంటారు. భయం ఉండే ఉంటుంది. కానీ జొహోర్ నుంచి నీళ్లు వచ్చేది కూడా 1962 నాటి ఒక ఒప్పందం మీదే, 2061 దాకా. ఒక కాగితాన్ని తానే చించేసిన దేశం రెండో కాగితం చూపించి హక్కు అడగలేదు. అందుకే ఆ ఓర్పును నేను బలహీనత అనను. నగరం మధ్యనుంచి నేరుగా కౌలాలంపూర్ వెళ్లే రైలు పోయిందన్న బాధ మాత్రం నిజమైనది, దానికి సమాధానం లేదు. భవనాన్ని జాతీయ స్మారకంగా కాపాడినా, పట్టాలు తీసిన 24 కిలోమీటర్ల దారిని నడకదారిగా ఉంచినా ఆ సౌకర్యం తిరిగి రాదు.

పాత రైల్వే స్థలాల మీద ఉమ్మడి కంపెనీ అభివృద్ధి రుసుము కట్టాలా అన్న తగాదా తర్వాత అంతర్జాతీయ మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. 2014లో తీర్పు మలేసియా వైపు వచ్చింది, సింగపూర్ ఒప్పుకుంది. సరిగ్గా అదే ఏడాది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండయింది. విభజన చట్టంలోని తొమ్మిదో, పదో షెడ్యూళ్ల సంస్థల పంపకం గురించి మాట్లాడే రెండు వైపుల నాయకులూ, అధికారులూ దయచేసి ఈ ఒప్పందాలను తెప్పించుకుని చదవాలి.