సరిహద్దుకు ఆవలి వైద్యం: స్కిజోఫ్రీనియా – సామాజిక దృక్పథం (విడపనకల్లు నేపథ్యం)

ప్రస్తావన

మానసిక వ్యాధుల పట్ల గ్రామీణుల వైఖరిని 'మూఢనమ్మకం' అన్న ఒక్క మాటతో తేల్చివేయడం పరిపాటి. దయ్యం పట్టిందని, గాలి సోకిందని భావించి రోగిని భూతవైద్యుని వద్దకు తీసుకొనిపోవడం వాస్తవమే. అయితే వైద్యం ఎంత దూరాన ఉండినదో విచారించక ఆ వైఖరిని అంచనా వేయరాదు. బళ్ళారి సరిహద్దున ఉన్న విడపనకల్లు ప్రాంతం నేపథ్యంగా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పేరు – అర్థం

చరకసంహిత ఉన్మాదాన్ని ఐదు విధాలుగా విభజించింది. వాత, పిత్త, కఫ, సన్నిపాతజాలు దేహదోషాల వలన కలిగేవి. ఆగంతుకం భూతాదుల ఆవేశం వలన కలిగేది. అనగా దేహకారణం, భూతావేశం ఒకే శాస్త్రగ్రంథంలో పక్కపక్కన నిలిచాయి. స్కిజోఫ్రీనియా అన్న పేరును 1908లో స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ ప్రతిపాదించాడు. 'చీలిన మనస్సు' అన్న ఆ గ్రీకు పదార్థం వలన ఒకే మనిషిలో ఇద్దరుంటారన్న అపోహ వ్యాపించింది. లేని మాటలు వినిపించడం, నిరాధారమైన అనుమానం బలపడడం, ఆలోచన పొంతన తప్పడం, నలుగురికీ దూరమై ముడుచుకొనిపోవడం దీని అసలు లక్షణాలు. వీటన్నింటికీ తెలుగు వ్యవహారంలో 'పిచ్చి' అన్నదొక్కటే మాట. అదే తిట్టు కూడా.

చట్టం – పాలన

రోగిని నేరస్థునివలె చూసే దృష్టి గ్రామంలోనే పుట్టినది కాదు. మతి తప్పి తిరుగాడే వారిని పోలీసులు పట్టి మేజిస్ట్రేటు ఎదుట నిలిపే పద్ధతిని 1858 నాటి చట్టం ఏర్పరచగా, 1912 చట్టం కొనసాగించింది.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. 1985–90 మధ్య బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, కార్యకర్తలకు శిక్షణనిచ్చి, మానసిక వైద్యాన్ని పల్లెల చెంతకు చేర్చింది. దేశానికి నమూనాగా నిలిచిన ఆ ప్రయోగం విడపనకల్లుకు పొరుగున జరిగినదే. కాని అనంతపురం 1882లోనే బళ్ళారి నుండి విడివడిన జిల్లా. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరడంతో ఆ జిల్లా హద్దే రాష్ట్రపు హద్దయింది. జిల్లా పరిధిలో సాగిన పథకం హద్దు దాటలేదు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్ నుండి ఎంపికైనది మెదక్.

కరవు – వైద్యం

ఈ వ్యాధికి మందులు దీర్ఘకాలం వాడాలి. కరవు సీమలో పట్నం ప్రయాణమంటే బస్సు ఖర్చుతో పాటు ఒక దినపు కూలి కూడా పోవడమే. కాస్త నెమ్మదించగానే మందు మానడం, వ్యాధి తిరగబెట్టడం, 'దయ్యం మళ్ళీ వచ్చింది' అనుకోవడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. ఇక్కడ నమ్మకం వైద్యాన్ని అడ్డగించడం కన్న, వైద్యపు తెగుదలే నమ్మకాన్ని బలపరచడం గమనార్హం.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. అయితే మందు అందుబాటులో లేని ఇంటిలో గొలుసు క్రౌర్యమే కాదు, నిస్సహాయత కూడా. నిషేధం గొలుసును తీయిస్తుంది. నిస్సహాయతను తీర్చవలసినది నెలనెలా అందే మందే.

ముగింపు

జపానులో మనోవైద్యుల సంఘం 2002లో ఈ వ్యాధి పేరునే మార్చి, 'చీలిన మనస్సు' అన్న అర్థాన్ని తొలగించింది. వైద్యాన్ని పల్లెకు చేర్చడం ప్రభుత్వ బాధ్యత. రోగిని అవమానించని, అతని బాధను సరిగా తెలిపే మాటను తెలుగులో స్థిరపరచడం భాషాపరిశోధకుల బాధ్యత. 'పిచ్చి' అన్న మాట ఒక్కటే ఉన్నంతకాలం, ఆస్పత్రి చేరువైనా దాని గడప దూరంగానే ఉంటుంది.