గాజుమీది మసినుండి వెండి కార్బైడు పూతవరకు

వెండిని, టైటానియం కార్బైడును కలిపి కరగింపవలెనన్నచో ఏమగును? వెండి సుమారు 962 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. సుమారు 2,160 డిగ్రీల వద్ద మరుగును. టైటానియం కార్బైడు కరగుటకు 3,000 డిగ్రీలు దాటవలెను. అనగా కార్బైడు కరగకమునుపే వెండి ఆవిరియై పోవును. కొలిమిలో కుదురని ఈ పొత్తు ఒక పలుచని పూతలో కుదిరినది. ఆ పూతను వేయు పద్ధతికి మూలము, గాజునాళములను పాడుచేయు మసి.

1852లో గ్రోవ్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు, పీడనము తగ్గించిన వాయువుగుండా విద్యుత్తును పంపి, మెరుగుపెట్టిన వెండిరేకుపై కలుగు మార్పులను పరిశీలించెను. ఋణధ్రువపు లోహము చెదరి, ఎదుటి తలముపై పొరగా పేరుకొనుట ఆయన కంటబడెను. 1858లో జర్మనీలో ప్లూకర్, ప్లాటినము ధ్రువముగల నాళము లోపలిగోడపై అట్టి లోహపు పొరనే చూచెను. నాళములతో పనిచేయువారికి ఇది తలనొప్పి. కాని 1877లో అమెరికాలోని యేల్ కళాశాలకు చెందిన రైట్, ఈ మసినే మెరయు అద్దముగా మార్చవచ్చునని చూపెను. ఈ ప్రక్రియకే నేడు స్పట్టరింగు అని పేరు.

పద్ధతి చేతికి వచ్చినను కారణము తెలియలేదు. గట్టి లోహమునుండి పరమాణువులు ఎట్లు ఊడివచ్చుచున్నవి? కొందరు ఇట్లు తలచిరి: వాయువులోని అయానులు వచ్చి తగిలినచోట లోహము క్షణకాలము విపరీతముగా వేడెక్కి, ఆవిరియగుచున్నది. ఇందుకు భిన్నముగా, ఇది కేవలము తాకిడి ఫలితమని 1908-09 ప్రాంతమున స్టార్క్ వాదించెను. కారమ్సు ఆటలో స్ట్రైకరు గుంపులోని బిళ్లలను తాకగా, అవి ఒకదానినొకటి నెట్టుకొని చెదరునుగదా! అయాను స్ట్రైకరువంటిది, పరమాణువులు బిళ్లలవంటివి.

ఈ వివాదము దాదాపు అర్ధశతాబ్దము సాగెను. 1955లో వేనర్ ప్రకటించిన ప్రయోగములు దీనిని తేల్చుటకు ఎంతో తోడ్పడినవి. ఆయన అయానుల దెబ్బకు లోహపు ఏకస్ఫటికములను గురిచేసెను. లోహము ఆవిరియగుటయే నిజమైనచో, ఎదుటి తలముపై నునుపైన పొర ఏర్పడవలెను. కాని అచ్చట విడివిడి మచ్చలు కానవచ్చెను. స్ఫటికములో పరమాణువులు దగ్గరదగ్గరగా బారులు తీరిన దిశలలోనే అవి ఎక్కువగా వెలువడినవన్నమాట. వేడికి ఇట్టి దిశాభేదము తెలియదు, తాకిడికి తెలియును. 1969లో సిగ్మండ్ ఈ తాకిడుల పరంపరకు గణితరూపము కల్పించెను. తరువాత 1970 దశకములో, పలక చెంత అయస్కాంతముల నుంచి, ఎలక్ట్రానులను అచ్చటనే నిలిపి, పూతను త్వరగా వేయు మాగ్నెట్రాన్ సాధనములు వాడుకలోనికి వచ్చినవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు సులభము. పరమాణువును కదల్చునది తాకిడియేయైనచో, పదార్థమును కరగింపనక్కరలేదు. టైటానియము, కర్బనము, వెండి పలకలను వేరువేరుగా అమర్చి, ఒక్కొక్కదానికిచ్చు విద్యుచ్ఛక్తిని మార్చి, పూతలో వాటి పాళ్లను నిర్ణయింపవచ్చును. వెండి సులభముగా ఊడును గనుక దానికి కొద్ది శక్తి చాలును. కర్బనమునకు ఎక్కువ కావలెను.

ఇట్లు ఏర్పడిన పొరలో టైటానియం కార్బైడు, కొద్ది నానోమీటర్ల రేణువులుగా నుండును. ఒక్కొక్క రేణువులో పరమాణువుల అమరిక మన ఉప్పుస్ఫటికములోని అమరికవంటిదే. మిగులు కర్బనము రేణువులచుట్టు క్రమము లేక పరచుకొనును. వెండి కార్బైడులో కరగదు. కర్బనముతో స్థిరమైన సమ్మేళనమును ఏర్పరుపదు. కావున చిన్నచిన్న ముద్దలుగా వేరుపడును.

విద్యుత్ స్విచ్చుల స్పర్శతలములకు ఇట్టి పూత పనికివచ్చును. వెండి మంచి విద్యుద్వాహకమే. కాని మెత్తనిది, గంధక సమ్మేళనములు తగిలిన నల్లబడును. కార్బైడు గట్టిది, కాని స్పర్శవద్ద విద్యుత్తును కొంత అడ్డగించును. రెండిటి మేలును కలుపుటకై స్వీడనులోని ఉప్సాలా విశ్వవిద్యాలయమున 2000 తరువాతి సంవత్సరములలో ఇట్టి పొరలపై పరిశోధనలు జరిగినవి. అయితే చిక్కు వెండితోనే కలదు. దాని పరమాణువులు నిలకడలేనివై, లోపలినుండి పైకి వచ్చి చేరును. వేడెక్కి ఒరసుకొను భాగములలో అది కందెనగా ఉపకరించును. కాని వెండిపాలు మితిమీరినచో పూత కాఠిన్యము తగ్గును. గుణమును, దోషమును ఒకే కదలికనుండి పుట్టినవి.

పాతబడిన ట్యూబు దీపము దొరకినచో, ఉపాధ్యాయులు దాని కొనలను విద్యార్థులకు చూపవలెను. అచ్చటి నలుపు, ధ్రువములపై పూసిన పదార్థము కొంత వేడికి ఆవిరియై, కొంత అయానుల దెబ్బకు ఊడి, గాజునంటుకొనగా ఏర్పడినదే. వేడియా, తాకిడియా అని శాస్త్రజ్ఞులు వాదించుకొన్న రెండు కారణములును ఆ ఒక్క మరకలో మనకు కనబడును.