కబ్బాలా – ఆత్మసంస్కారము : అధికార విచారము

పరతత్త్వమును గూర్చిన విద్య ఏ మతమునందైనను రెండు ప్రశ్నలను వెంటబెట్టుకొని వచ్చును. ఆ విద్యకు అధికారి యెవ్వడు? నేర్వగోరువాడు ముందుగా తనలో దేనిని దిద్దుకొనవలెను? మొదటి ప్రశ్నకు సమాజము సమాధానము చెప్పుచు వచ్చినది. రెండవదానికి సాధకుడే చెప్పుకొనవలెను. ఈ రెండు ప్రశ్నలకు గల సంబంధమును యూదుల కబ్బాలా సంప్రదాయమునందును, దక్షిణ రాయలసీమ వేదాంత వాఙ్మయమునందును పరిశీలించుట యీ వ్యాసమున మా యుద్దేశము. గూడూరునుండి రేణిగుంటకు పోవు ఇనుపదారిపై శ్రీకాళహస్తి, ఏర్పేడు అను స్థలములు కలవు. ఇరువదవ శతాబ్దమున తెలుగునాట వేదాంతాధికార చర్చకు అవి ముఖ్యస్థానములైనవి. ఈ ప్రాంతపు ఆధ్యాత్మిక వాఙ్మయముపై కృషి చేయబూను విద్యార్థులకు కబ్బాలా చరిత్ర మంచి పోలిక కాగలదని మా విశ్వాసము.

ముందుగా పేరును విచారింతము. హీబ్రూ భాషలో కబ్బాలా యనగా అందుకొనబడినది అని యర్థము. మన సంప్రదాయ శబ్దము ఇచ్చుటను సూచించును. కబ్బాలా శబ్దము పుచ్చుకొనుటను సూచించును. గురువునుండి శిష్యునికి సంక్రమించు విద్య యన్న భావము రెంటికిని సమానమే. ఈ మార్గమునకు ప్రధాన గ్రంథమైన జోహర్ పదమూడవ శతాబ్దపు చివరిభాగమున స్పెయిను దేశమున వెలువడినది. సంప్రదాయజ్ఞులు దానిని రెండవ శతాబ్దపు ఋషితుల్యుడగు షిమోన్ బార్ యోహాయికి ఆరోపింతురు. గెర్షోమ్ షోలెమ్ పండితుడు భాషాప్రమాణములను పరిశీలించి, దానిలో అధికభాగము 1305లో మరణించిన మోషే దె లెయోన్ రచనయని తేల్చెను. అది యొక్కని రచన గాక ఒక గోష్ఠి కృషియై యుండునని తరువాతి పండితులు కొందఱు తలచిరి.

కబ్బాలామతమున పరతత్త్వమునకు ఐన్ సోఫ్ అని పేరు. అంతము లేనిది అని దాని యర్థము. అది వాక్కునకును మనస్సునకును అందదు. దాని ప్రకాశము సెఫిరోత్ అను పది రూపములుగా వ్యక్తమగును. మకుటము, ప్రజ్ఞ, అవగాహన, కరుణ, కాఠిన్యము, సౌందర్యము, విజయము, వైభవము, ఆధారము, రాజ్యము అని వానిని తెలుగున చెప్పుకొనవచ్చును. ఇవి పదిమంది దేవతలు గావు. ఒక్క తత్త్వముయొక్క పది ప్రకాశములు. వీనిలో కరుణ యొకవైపునను, కాఠిన్యము మఱియొకవైపునను నిలుచును. హద్దు లేని కరుణ లోకమును నిలుపజాలదు. హద్దు లేని కాఠిన్యము లోకమును దహించును. రెంటిని సమన్వయించు స్థానము సౌందర్యము. ఇది సృష్టిక్రమమే గాక మనుష్య స్వభావమునకును పటమగుట గమనింపదగినది.

ఈ పటమును నీతిశాస్త్రముగా మార్చినవాడు పాలస్తీనాలోని సఫెద్ పట్టణమున నివసించిన మోషే కోర్దొవేరో. ఇతడు 1522 మొదలు 1570 వఱకు జీవించెను. దెబోరా ఖర్జూరవృక్షము అను తన చిన్న గ్రంథమున ఒక్కొక్క సెఫిరాకు అనుగుణమైన నడవడిని విధించెను. మకుటము అన్నిటికంటె నున్నతమైనది. దానిని అనుకరింపగోరువాడు అన్నిటికంటె ముందుగా వినయమును నేర్వవలెను. దేవుని గుణములను తెలిసికొనుట చాలదు, వానిని ఆచరణమున పెట్టవలెనన్నది యీ గ్రంథపు సారము. ప్రారంభవిద్యార్థికి కబ్బాలాలో ఇంతకంటె సుగమమైన ద్వారము లేదు.

కోర్దొవేరో గతించిన యేడే సఫెదునకు వచ్చి, 1572లో మరణించిన ఇసాక్ లూరియా ఈ సంప్రదాయమున కొక మహాగాథను ఇచ్చెను. శిష్యుడగు హయ్యీమ్ వితాల్ దానిని గ్రంథస్థము చేసెను. ఈ గాథలో మూడు ఘట్టములు కలవు. మొదటిది త్సింత్సుమ్; అనంతము సృష్టికి చోటిచ్చుటకై తన్ను తాను కుదించుకొనుట. రెండవది పాత్రలు పగులుట. దివ్యతేజస్సును భరింపజాలక దానిని పట్టియుంచిన పాత్రలు బ్రద్దలై, తేజఃకణములు జడపదార్థమున చిక్కువడెను. మూడవది తిక్కున్, అనగా దిద్దుబాటు. మనుష్యుని ప్రార్థనయు, ధర్మాచరణమును ఆ కణములను మరల పైకెత్తును. 1492లో స్పెయినునుండి వెడలగొట్టబడిన జాతి యొక్క వేదనయే యీ గాథయందు ప్రతిధ్వనించెనని షోలెమ్ 1941లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. మోషే ఈదెల్ పండితుడు 1988లో ఆ కార్యకారణ సంబంధమును ప్రశ్నించి, తత్త్వమునకు అంతర్గతమైన వికాసమును ఎత్తిచూపెను.

తిక్కున్ సిద్ధాంతమునకు చరిత్రలో ఒక కఠినపరీక్ష కలిగినది. షబ్బెతాయ్ త్స్వీ యనువాడు 1665లో మెస్సీయగా ప్రకటింపబడి, 1666లో తురుష్క ప్రభుత్వపు ఒత్తిడికి లోనై మతము మార్చుకొనెను. అతని భక్తులలో కొందఱు దానిని పతనముగా అంగీకరింపలేదు. చీకటిలో చిక్కువడిన కణములను ఎత్తుటకై అతడు చీకటిలోనికి దిగెనని సమర్థించిరి. ఈ వాదమును అనుసరించి నిషిద్ధాచరణమును పుణ్యముగా భావించు శాఖలు పుట్టెను. దిద్దుబాటును గూర్చిన భావన మిగిలినది. దిద్దుబాటు మాత్రము నశించినది. దీనికి ప్రతిక్రియగా 1756లో బ్రోదీ పట్టణమున సమావేశమైన యూదాచార్యులు ముప్పది యేండ్లకు లోపువారు జోహరును, నలువది యేండ్లకు లోపువారు లూరియా గ్రంథములను చదువరాదని నిషేధించిరి. అనగా దుర్వినియోగమునకు వారు చేసిన చికిత్స తలుపు మూయుట.

ఇక మన ప్రాంతమునకు వత్తము. వేదాంతశాస్త్రము అధికారికి నాలుగు సాధనములను విధించినది. నిత్యానిత్య వస్తువివేకము, ఇహపర భోగములయెడ వైరాగ్యము, శమదమాది షట్కసంపత్తి, ముముక్షుత్వము అనునవి యవి. ఈ నాలుగును సాధకుని యంతఃకరణమునకు సంబంధించినవే. వీనిలో వయస్సు లేదు, లింగము లేదు, కులము లేదు. అయినను ఆచారమున అధికారమునకు జన్మయే కొలబద్ద యయ్యెను. సాధనము అంతరంగమున, అర్హత బహిరంగమున నిలిచినవి. ఈ వైరుధ్యమే మన చర్చకు మూలము.

చిత్తూరు సీమలోని తరిగొండ గ్రామమున జన్మించిన వెంగమాంబ సుమారు 1730 మొదలు 1817 వఱకు జీవించినది. ఆమె బాల్యముననే వైధవ్యము నొందినను విధవలకు విధింపబడిన వేషమును అంగీకరింపలేదనియు, మదనపల్లెలో రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి వద్ద విద్య నభ్యసించినదనియు సంప్రదాయము చెప్పును. పిదప తిరుమలలో స్థిరపడినది. రాజయోగామృతసారము, వాసిష్ఠరామాయణము అను కృతులను ద్విపదలో రచించినది. వాసిష్ఠ విషయమును అంతకు మున్నే మడికి సింగన పద్యకావ్యముగా తెలిగించెను. కాని పద్యమునకు పండితుడు కావలెను. ద్విపదను వంటయింటిలో సైతము పాడుకొనవచ్చును. వెంగమాంబ అధికారమును గూర్చి ఖండనగ్రంథము వ్రాయలేదు. యోగశాస్త్రమును స్త్రీల నోటికి అందు ఛందస్సున ఉంచినది. ఛందస్సును ఎన్నుకొనుటయే ఆమె చెప్పిన సమాధానమని మేము భావింతుము.

ఆమె మౌనముగా చేసిన పనిని వాదముగా చేసినవారు మలయాళస్వామి. వారు 1885లో కేరళమున గురువాయూరు సమీపమున, వేదాధికారము లేదని ఆనాడు భావింపబడిన కులమున జన్మించిరి. నారాయణగురువు శిష్యులగు శివలింగస్వామి వద్ద ఉపదేశము పొందిరి. తిరుమల కొండపై గోగర్భమున తపస్సు చేసి, 1926లో ఏర్పేడు వద్ద వ్యాసాశ్రమమును స్థాపించి, 1962లో పరమపదించిరి. వ్యాసాశ్రమ విద్యాలయమున సంస్కృతమును, వేదాంతమును కులభేదము లేక బోధించిరి. స్త్రీలకును ఆ విద్య నందించిరి. వారి శిష్యులగు విద్యాప్రకాశానందగిరి స్వామి 1950లో శ్రీకాళహస్తియందు శుకబ్రహ్మాశ్రమమును నెలకొల్పి, గీతామకరందము మొదలగు గ్రంథములచే ఆ బోధను తెలుగు గృహములకు చేర్చిరి.

మలయాళస్వామి ప్రసిద్ధగ్రంథము శుష్కవేదాంత తమోభాస్కరము. ఈ పేరులోనే వారి వాదము కలదు. ఆత్మ నిత్యశుద్ధము గనుక దానియందు దిద్దవలసినది లేదని అద్వైతము చెప్పును. ఆత్మయందు దిద్దవలసినది లేదన్న మాటను నాయందు దిద్దవలసినది లేదన్న మాటగా మార్చుకొనుటయే శుష్కవేదాంతము. ఏర్పేటి స్వామి దీనిని ఎదిరించుచునే, ప్రణవమునకును బ్రహ్మవిద్యకును అందఱును అర్హులని వాదించిరి. ఈ రెండు వాదములు ఒకే గ్రంథకర్త యందు కలిసియుండుట యాదృచ్ఛికము కాదు. సాధన లేని పండితుని అధికారము వట్టిదైనచో, సాధన గల పామరుని అధికారము గట్టిదగును. బ్రోదీ ఆచార్యులు తలుపు మూసిరి. మలయాళస్వామి తలుపు తెఱచి, గడపపై సాధనను నిలిపిరి.

చిత్రమేమనగా యూదులలోను ఇట్టి పరిణామమే జరిగినది. 1885లోనే జన్మించిన యెహూదా అష్లగ్ 1920ల తొలినాళ్లలో జెరూసలేము చేరి, కబ్బాలాను సామాన్యులకు అందింపబూనెను. 1945 తరువాత వెలువడిన తన జోహర్ వ్యాఖ్యకు నిచ్చెన అని పేరిడెను. సృష్టియొక్క స్వభావము పుచ్చుకొనగోరుట. ఇచ్చుటకొఱకే పుచ్చుకొను సంకల్పమును అలవరచుకొనుట దిద్దుబాటు అని అతని బోధ. ఇందు కోరిక నశింపదు, దాని దిశ మారును. మన నిష్కామకర్మ భావనకు ఇది సమీపమున నిలుచును.

కాని సామీప్యము అభేదము కాదు. లూరియా మతమున పగిలినది సృష్టియే. మనుష్యుడు తన్ను దిద్దుకొనుచు లోకమును, ఒక విధముగా దైవమును సైతము దిద్దును. అద్వైతమున పగిలినది ఏదియు లేదు. అద్దముపై దుమ్మువలె చిత్తమున మాలిన్యము మాత్రము కలదు. ఒకచోట శిల్పి పని, మఱియొకచోట తుడుచువాని పని. ఈ రెండు సంప్రదాయములకు పరస్పర ప్రభావమును కల్పించుటయు పొరపాటు. కబ్బాలా నామము మన విద్యావంతులకు తెలియుటకు ఒక ముఖ్యమార్గము దివ్యజ్ఞానసమాజము. బ్లావట్స్కీ 1888లో ప్రకటించిన గుప్తవిద్యా గ్రంథమున కబ్బాలా విషయములు విరివిగా కలవు. ఆ గ్రంథము సర్వమతములను ఒక్క రహస్యవిద్యకు శాఖలుగా చూపును. పరిశోధకుడు అట్టి సమీకరణమును ప్రమాణముగా గ్రహింపరాదు. ఏ భావము ఏ కాలమున, ఏ యవసరమునకై పుట్టెనో వేఱువేఱుగా విచారింపవలెను.

ఇట్లు విచారించినచో రెండు చరిత్రలు ఒకే సంగతిని తెలుపుచున్నవి. నిషేధము విద్యను కాపాడగలదు గాని విద్వాంసుని దిద్దజాలదు. వయస్సు నిండినవానికిని, జన్మచే అర్హుడైనవానికిని శుష్కత తప్పలేదు. ద్వారము వెలుపల నిలుపబడినవారిలో వెంగమాంబ వంటివారు పుట్టకపోలేదు. కనుక అధికారము దిద్దుబాటునకు ముందుండు యోగ్యత కాదు, దిద్దుబాటు వలన పెరుగు యోగ్యత. వేదాంత వాఙ్మయమును పరిశీలించు విద్యార్థి ప్రతి గ్రంథమును తత్త్వమేమి చెప్పెనని అడుగుటతో ఆగక, ఎవరి చేతికి అందవలెనని యది వ్రాయబడినదో కూడ అడుగవలెను. భాష, ఛందస్సు, గ్రంథనామము, పాఠశాల ప్రవేశనియమము – ఇవన్నియు ఆ ప్రశ్నకు సమాధానములే.